పరువు పోకుండా పోటీలోంచి తప్పుకోవడం ఎలా? గోదావరి జిల్లాల్లో శుభకార్యం తలపెట్టినవారికి

వచ్చే ఏడాదిలోగా మీ ఇంట్లో పెళ్ళో, అమ్మాయి ఓణీల ఫంక్షనో, గృహప్రవేశమో ఉందనుకుందాం. మీది భీమవరం జువ్వలపాలెం రోడ్డు కావచ్చు, రాజమండ్రి దానవాయిపేట కావచ్చు, అమలాపురం పక్కన కొత్తగా లేచిన విల్లాల వెంచర్ కావచ్చు. డబ్బుకు మరీ ఇబ్బందేం లేదు. అయినా టెన్షన్‌గా ఉంది. ఎందుకంటే మొన్న మాఘంలో మీ తోడల్లుడు వాళ్ళ అమ్మాయి పెళ్ళి చేసిన తీరు ఇంకా నలుగురూ చెప్పుకుంటున్నారు. దానికి తగ్గకుండా చేయాలంటే ఎంతవుతుందో మీరు ఇప్పటికే మనసులో లెక్కేశారు. ఆ లెక్క పక్కన పడేసి, తాహతులోనే కార్యం చేసుకుని, మాట పడకుండా బయటపడే దారి చెబుతాను.

పిసినారితనం నేర్పడం నా ఉద్దేశం కాదు. పెట్టుపోతల్లో మనవాళ్ళ చెయ్యి పెద్దదని రాష్ట్రమంతా అంటుంది, అందులో తప్పేం లేదు. 2021 ఆషాఢంలో రాజమండ్రి నుంచి యానాం అల్లుడింటికి వెళ్ళిన సారెలో వెయ్యి కిలోల చేపలు, పది మేకలు ఉన్నాయని దేశమంతా చదివింది. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారు. వాళ్ళకు స్థోమత ఉంది, సరదా పడ్డారు. చిక్కల్లా మిగతావాళ్ళకి వస్తుంది. ఆ వీడియోలు చూశాక వచ్చిన పండక్కి అరవై రకాలు పెట్టిన అత్తగారు కూడా "పెద్దగా ఏం చేయలేదండీ, ఏదో అరవై" అని సంజాయిషీ చెప్పుకుంటోంది.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. నెదర్లాండ్స్‌లో పోస్టల్ కోడ్ మీద నడిచే లాటరీ ఒకటి ఉంది. టికెట్ కొన్నవాళ్ళలో ఆ వీధివాళ్ళకు డబ్బు, ఒకరికి బీఎండబ్ల్యూ కారు తగులుతాయి. 2011లో ఆర్థికవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, లాటరీ తగలని పక్కింటివాళ్ళు కూడా తర్వాతి నెలల్లో కొత్త కార్లు ఎక్కువగా కొన్నారు. వాళ్ళ చేతికి పైసా రాలేదు. పక్క వాకిట్లో కారు కనబడింది, అంతే. కాబట్టి "నేను గట్టిగా ఉంటాలే" అనే ధైర్యం మీద ఆధారపడకండి. అది బట్టల షాపు మెట్లెక్కేదాకా కూడా ఉండదు. లగ్నపత్రిక రాయకముందే కొన్ని పనులు వరసగా చేసి పెట్టుకోవాలి.

1. ముందు లెక్క, తర్వాతే ముహూర్తం

డెల్టాలో డబ్బు నెలజీతంలా రాదు. సార్వా, దాళ్వా అంటూ వరికి రెండు విడతలు. కొబ్బరికి దింపు దింపుకీ కొంత. రొయ్యల చెరువుకైతే మూడు నాలుగు నెలల కల్చర్ అయ్యాక ఒక్కసారే పెద్ద మొత్తం. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక ఈ చివరి రకం డబ్బు బాగా పెరిగింది, దానితోపాటే మేడలూ ఫంక్షన్ హాళ్ళూ పెరిగాయి. చెరువు పట్టిన రోజు కౌంట్‌కి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్కకి, మంచి రేటు పలికి, ఖాతాలో లక్షలు పడితే ఎవరికైనా ఊపు వస్తుంది. హాలుకి అడ్వాన్సు, వడ్డాణానికి ఆర్డరు ఆ వారంలోనే పడిపోతాయి. కానీ ఆ డబ్బులో మేత డీలర్ బాకీ ఉంది. సీడ్ (రొయ్య పిల్లలు), నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల కరెంటు, డీజిల్, చెరువు లీజు ఉన్నాయి. అవన్నీ తీరాక మిగిలిందే మీది.

అందుకని గత మూడేళ్ళ పంటల్లో అన్నిటికంటే దెబ్బతిన్నదాన్ని తీసుకుని దాని మీద లెక్క వేయండి. వైట్‌స్పాట్ అనే రొయ్యల తెగులు మన ముహూర్తాలు చూసుకుని రాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచుతామన్నప్పుడు, అప్పటికే శ్రావణ మాసానికి హాళ్ళు మాట్లాడుకున్నవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు.

ఒక నోటుబుక్కు తీయండి. చేతిలో ఉన్న రొక్కం, డిపాజిట్లు కలిపి 40 లక్షలు ఉన్నాయనుకోండి. వచ్చే పంటకు పెట్టుబడి 12 లక్షలు, చిన్నవాడి చదువుకు 5, ఏడాది ఇంటిఖర్చు 6, ఆసుపత్రి అవసరమొస్తే ఉండాలని 4 తీసి పక్కన పెట్టండి. మిగిలింది 13 లక్షలు. మీ పెళ్ళి 13 లక్షల పెళ్ళి. అందులోంచి మళ్ళీ పదో వంతు, అంటే లక్షా ముప్ఫై వేలు, ఎవరికీ చెప్పకుండా ఉంచండి. చివరి వారంలో టెంటువాడు, పూలవాడు, పురోహితుడు తలా ఒక మాట చెబుతారు, అప్పుడు అదే ఆదుకుంటుంది. ఇంట్లో ఉన్న బంగారం ఈ లెక్కలో కలపొద్దు.

పొలం జోలికి వెళ్ళొద్దు. పెళ్ళి కోసం ఎకరం అమ్మినవాళ్ళు చాలామంది తెలుసు నాకు. అదే ఎకరం మళ్ళీ కొన్నవాళ్ళు మాత్రం తెలియదు. "పెద్దోడు డల్లాస్ నుంచి పంపుతాడులే" అనుకోవడం కూడా లెక్క కిందకు రాదు. వాడు పంపి, అది మీ ఖాతాలో పడ్డాకే రాసుకోండి. 2025 సెప్టెంబరులో అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌-1బి కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అన్న దగ్గర నుంచి అక్కడి పిల్లల గుండెలు ఎలా ఉన్నాయో వీడియో కాల్‌లో మనకు చెప్పరు. వాళ్ళ ఇంటి ఈఎంఐలు వాళ్ళకున్నాయి.

2. ఎవరితో పోటీయో పేరు రాసుకోండి

"ఊరంతా ఏమనుకుంటుంది" అని మనం అంటాం కానీ ఊరికి అంత తీరిక లేదు. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా కూర్చుని, ఎవరు తక్కువగా చూస్తారని భయపడుతున్నారో వాళ్ళ పేర్లు కాగితం మీద రాయండి. నా అనుభవంలో అయిదు పేర్లు దాటవు. ఒక తోడల్లుడు, ఒక తోడికోడలు, ఎదురింటివాళ్ళు, వియ్యాలవారిలో ఒక మేనత్త, ఇంకెవరైనా ఒకరు. రెండు కాగితాలూ కలిపి చూసుకుంటే భార్య రాసిన పేరు భర్తకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆవిడ పాతికేళ్ళుగా మోస్తున్న ఏదో ఒక మాట అప్పుడు బయటపడుతుంది. "మా పెళ్ళిలో మీ పెద్దమ్మ నా పట్టుచీర అంచు పట్టుకుని చూసి వదిలేసింది" లాంటిది. ఆ చీర బాకీ తీర్చడానికే ఇప్పుడు మూడు లక్షల రూపాయల చీరలు కొంటున్నాం. ఈ పని ఒక గంట పడుతుంది, ఖర్చు లేదు, మిగతా పనులన్నీ దీని తర్వాత తేలికవుతాయి.

ఆ అయిదుగురిలో కనీసం ఇద్దరిని ముందే ఇంటికి పిలిచి భోజనం పెట్టి, ఇలా సింపుల్‌గా చేస్తున్నామని మీ నోటితో మీరే చెప్పండి. ముందు మీరు చెబితే అది మీ నిర్ణయం అవుతుంది. పెళ్ళిలో వాళ్ళు కనిపెడితే అది మీ లోటు అవుతుంది.

3. వియ్యాలవారితో మాట, తాంబూలాలకు ముందే

తాంబూలాలు పుచ్చుకున్నాక ఖర్చు గురించి మాట్లాడటం గోదారికి గండి పడ్డాక ఇసుక బస్తాలు వెతుక్కోవడమే.

మనవైపు అడిగే పద్ధతి మహా మర్యాదగా ఉంటుంది. "మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటారు. ఆ వెంటనే, అడక్కుండానే, "మా పెద్దకోడలికి వాళ్ళ నాన్నగారు..." అని మొదలవుతుంది. ఆ రెండో వాక్యం దగ్గరే ఆపాలి. అమ్మాయి తండ్రయితే ఇలా అనండి: "బావగారూ, ముందే ఒక మాట అనుకుందాం. మా అమ్మాయికి మేం పెట్టుకునేది ఇదీ. ఇంతకు పైన పెట్టాలంటే అప్పు చేయాలి. అప్పు చేసి పెళ్ళి చేయడం మా ఇంట్లో లేదు. మీకు సమ్మతమైతే తాంబూలాలు పుచ్చుకుందాం." గొంతు పెంచొద్దు, బతిమాలొద్దు. చెప్పాక కాసేపు ఊరుకోండి. ఆ నిశ్శబ్దంలో ఎదుటివాళ్ళు ఎలాంటివాళ్ళో చాలావరకు తెలిసిపోతుంది. సంబంధం తప్పిపోతే తప్పిపోనివ్వండి.

అబ్బాయి తరఫువాళ్ళయితే మీ పని ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఈ పోటీని ఒక్క మాటతో తగ్గించే శక్తి మీ చేతిలో ఉంది. "మాకేం వద్దు" అని ఊరుకుంటే ఎవరూ నమ్మరు. ఏవేవి వద్దో పేరు పెట్టి చెప్పండి. ఆడపడుచు లాంఛనం వద్దు, కారు వద్దు, ఎదుర్కోలుకు బ్యాండు వద్దు, మా వైపు నుంచి వచ్చేది రెండు వందల మంది, అంతకు మించరు. అప్పుడే అవతలివాళ్ళకు ఊపిరాడుతుంది.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకోవడంతోపాటు ఇవ్వడం కూడా నేరమే. శిక్ష మామూలుగా అయిదేళ్ళ జైలుకు తగ్గదు. జరిమానా కనీసం 15,000 రూపాయలు గానీ కట్నం విలువ గానీ, ఏది ఎక్కువైతే అది. అడగకుండా ఇచ్చే కానుకలకు మినహాయింపు ఉంది కానీ వాటికి జాబితా రాయాలి. 1985 నాటి నిబంధనలు వధువుకి ఒక జాబితా, వరుడికి ఒక జాబితా అన్నాయి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వాళ్ళకు బంధుత్వం ఏమిటి అని రాసి సంతకాలు పెట్టాలి. ఆడపిల్ల వైపువాళ్ళు ఇచ్చేవి ఆనవాయితీగా ఇచ్చేవై ఉండాలని, ఇచ్చేవారి ఆర్థిక స్థితికి మించి ఉండకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. అంటే తాహతుకు మించొద్దని చెప్పడానికి మీకు చట్టమే తోడుంది. "మా ఆడిటర్ గారు జాబితా రాయమన్నారు బావగారూ" అనండి. కాగితం మీదకు ఎక్కుతుందంటే సగం కోరికలు నోట్లోనే ఆగిపోతాయి.

ఇంకొకటి. ఒకరి దగ్గర నుంచి ఒకే కార్యానికి రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. 2017 నుంచి ఉన్న ఆదాయపు పన్ను నిబంధన ఇది. తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. హాలువాడైనా, నగల షాపైనా దీని కిందకే వస్తారు. బ్యాంకు ద్వారానే కట్టండి. చేతిలో నోట్ల కట్టలు లేకపోతే అక్కడికక్కడ "ఇంకో యాభై వేలే కదా" అనడం కూడా తగ్గుతుంది.

4. చదివింపుల పుస్తకం

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. చేతిరాత బాగుంటుందని మా వైపు పెళ్ళిళ్ళలో ఈ పుస్తకం నా చేతికే ఇస్తారు. అసలు పోటీ ఎలా పెరుగుతుందో చూడాలంటే ఆ బల్ల దగ్గర కూర్చోవాలి.

పొడుగాటి నోటుబుక్కు. నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీలో శ్రీరస్తు శుభమస్తు. వరస నంబరు, ఇంటిపేరు, పేరు, ఊరు, మొత్తం. ఒకప్పుడు 116, 516. తర్వాత 1,116. ఇప్పుడు 5,116 కూడా మామూలే. పక్కన ఒక మేనమామ డబ్బు లెక్కపెట్టి సంచిలో వేస్తుంటాడు. భోజనాల హాలు గుమ్మం దగ్గరే బల్ల ఉంటుంది కాబట్టి తప్పించుకుని వెళ్ళే దారి లేదు. వచ్చినాయన పేరు చెప్పే ముందు పుస్తకంలో పై వరస మీద ఒక కన్ను వేస్తాడు. అక్కడ తన వేలువిడిచిన బావమరిది పేరు, ఎదురుగా 10,116. ఈయన చేతిలో కవరు అలాగే పట్టుకుని "ఇప్పుడే వస్తా" అని స్తంభం చాటుకు వెళ్తాడు. తిరిగి వచ్చేసరికి కవరు కాస్త లావవుతుంది. ఇలాంటివాళ్ళను చాలాసార్లు చూశాను. ఆ అదనపు నోటు ఇచ్చినాయనకూ ఇష్టం లేదు, పుచ్చుకున్నవాళ్ళూ అడగలేదు. కానీ రేపు ఆయనింట్లో కార్యానికి వీళ్ళు ఈ పుస్తకం తీసి చూసుకుని, దానికి ఒకటి కలిపి ఇస్తారు. ఇలా ఏ ఒక్కరి తప్పూ లేకుండానే రేటు పెరిగిపోతుంది.

కాబట్టి మీ ఇంటి కార్యంలో మొదట ఆ పై వరస కనబడకుండా చేయండి. మూతకు చీలిక పెట్టిన పెట్టె ఒకటి, పక్కన ఖాళీ కవర్లు, పెన్నులు ఉంచండి. పేరు, ఊరు కవరు మీద రాసి అందులో వేస్తారు. లెక్క ఇంటికెళ్ళాక రాసుకోవచ్చు. మైకులో చదవడం ఇంకా ఎక్కడైనా ఉంటే ఆపేయండి. మొదట్లో పెద్దవాళ్ళు "హుండీ ఏమిట్రా, గుడా ఇది?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

తర్వాత మీరు ఇచ్చే వైపు. పాత పుస్తకం తీసి ఒకటి కలిపే పద్ధతి మానేసి, మీకంటూ మూడు అంకెలు పెట్టుకోండి. దగ్గర బంధువులకు ఒకటి, మిగతా చుట్టాలకు ఒకటి, పరిచయస్తులకు ఒకటి. ఒకే వరసవాళ్ళలో ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే అంకె. పదిహేనేళ్ళ కిందట మీకు 516 ఇచ్చిన బీద పిన్ని ఇంటికి వెళ్ళినా ఆ అంకే, రైస్ మిల్లు బాబాయి ఇంటికి వెళ్ళినా ఆ అంకే. రెండేళ్ళు పాటిస్తే "వాళ్ళింతే ఇస్తారు" అని చుట్టాల్లో తెలిసిపోతుంది. అలా తెలిసిపోవడం మీకు మంచిదే.

కార్డు మీద "చదివింపులు స్వీకరించబడవు" అని వేయించే ఆలోచన ఉంటే బల్ల పూర్తిగా ఎత్తేయండి. కార్డు మీద వద్దని రాసి, గుమ్మంలో మేనమామను కూర్చోబెట్టే పద్ధతి అన్నిటికంటే అన్యాయం. అయితే పాత పుస్తకంలో మీరు ఇంకా తిరిగి ఇవ్వాల్సినవాళ్ళు ఉంటారు. వాళ్ళ కార్యాలకు మీరు ఇవ్వాల్సిందే. మీకు రావాల్సినవి మాత్రం వదులుకోవాలి. ఇంట్లో అందరూ దీనికి ఒప్పుకున్నాకే ప్రెస్సుకు వెళ్ళండి.

పన్ను విషయం చాలామందికి తెలియదు. పెళ్ళి సందర్భంగా వచ్చిన కానుకలకు ఆదాయపు పన్ను లేదు, కానీ ఆ మినహాయింపు వధూవరులకే, తల్లిదండ్రులకు కాదు. అందుకని పెద్ద మొత్తాలు పిల్లల ఖాతాల్లోనే పడేలా చూడండి. ఓణీల ఫంక్షన్‌కి, గృహప్రవేశానికి అసలు ఈ మినహాయింపే లేదు. చట్టం చెప్పిన బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చినవి 50,000 దాటితే పన్ను లెక్కలోకి వస్తాయి.

రిటర్న్ గిఫ్టు ఇవ్వకండి. వెండి కుంకుమభరిణె నుంచి మొదలై ఎక్కడికి పోయిందో చూస్తూనే ఉన్నాం. తాంబూలం, ఒక కొబ్బరికాయ చాలు. అంబాజీపేట పక్కన ఉండి కొబ్బరికాయకు నామోషీ ఏమిటి?

5. భోజనాలు, పిలుపులు

కేటరింగ్‌వాళ్ళు ఆకుకి, అంటే మనిషికి, ఇంత అని మాట్లాడతారు. బేరమంతా ఐటమ్స్ దగ్గర చేస్తాం. అక్కడ మిగిలేది తక్కువ. ఆకుకి పది రూపాయలు తగ్గించారనుకోండి, 1,500 ఆకులకు 15,000 మిగిలాయి. అదే ఆకుకి 500 రూపాయల చొప్పున మూడు వందల ఆకులు తగ్గిస్తే లక్షన్నర. కాబట్టి కత్తెర పిలుపుల దగ్గర పెట్టండి.

ఎవరిని తగ్గించాలన్నది మీ మనసుకు పరీక్ష. సాధారణంగా అందరూ తీసేసేది మనల్ని ఏమీ అనలేనివాళ్ళనే. చేలో పనిచేసేవాళ్ళు, దూరపు చుట్టాల్లో బీదవాళ్ళు, పాత ఊళ్ళో పక్కింటివాళ్ళు. నేనైతే తిరగేసి చేయమంటాను. ఎమ్మెల్యేగారు, ఆయన వెంట వచ్చే ముప్ఫైమంది, ఒక్కసారి పార్టీలో కలిసిన కాంట్రాక్టర్లు, ఫోటోలో ఉంటే బాగుంటుందని పిలిచే పెద్దలు, వీళ్ళను తీసేయండి. వీళ్ళెవరూ రానందుకు బాధపడరు. మీ పాలేరు బాధపడతాడు.

కార్డుకు పెట్టె, అందులో డ్రైఫ్రూట్స్ అక్కర్లేదు. వాట్సాప్‌లో కార్డు పంపి, దగ్గరివాళ్ళ ఇంటికి భార్యాభర్తలు వెళ్ళి బొట్టు పెట్టి పిలిస్తే ఆ పెట్టెకంటే ఎక్కువ గౌరవం. సంగీత్, మెహెందీ మన పెళ్ళిలో లేనివే. పిల్లలు సరదా పడితే మేడ మీద వాళ్ళే స్పీకర్ పెట్టుకుని ఆడుకుంటారు. ఈవెంట్ మేనేజర్ దాకా వెళ్ళిందంటే అది ఇంకో పెళ్ళి ఖర్చు.

ఇక విస్తట్లో. చాట్ కౌంటర్, చైనీస్ కౌంటర్, ఐస్‌క్రీం రోల్ ఎవరింటికెళ్ళినా అవే. మీరు మన వంటలే పెట్టండి: ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, ముక్కల పులుసు, పులిహోర, నెయ్యి కారే పూర్ణం బూరి, గడ్డ పెరుగు. బంతి భోజనం పెట్టి, ఇంటివాళ్ళు వరస వెంట తిరిగి "ఇంకో బూరి వెయ్యండ్రా పెద్దాయనకి" అంటే చాలు. ఒక్క వంటవాడి మీద మాత్రం రాజీ పడొద్దు. అలంకరణలో మిగిలించిన డబ్బు కొంత అక్కడ పెట్టండి. మొత్తం కార్యంలో ఒక్క విషయం ఘనంగా చేసి, మిగతావి సాదాగా ఉంచితే సాదావి ఎవరి కంటా పడవు. మా వైపు ఆ ఒక్కటి ఎప్పుడూ భోజనమే అయ్యుండాలని నా పక్షపాతం. మీకు చీర ముఖ్యమైతే ఉప్పాడ నేతగాళ్ళ దగ్గరికే వెళ్ళి ఒక మంచి జాందానీ చీర నేయించుకోండి. కాకినాడకు పక్కనే, 2009లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన నేత. ఒక్కటి నేయించండి, ఏడు వద్దు.

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మనదే కాబట్టి అల్లుడికి పులస పెట్టాలనిపిస్తుంది. ఇంట్లో నలుగురు కూర్చుని తినేటప్పుడు ఏడాదికొకసారి పెట్టుకోండి. సారె కావిళ్ళకి, సంక్రాంతి ఐటమ్స్‌కి ఒకే నియమం: లెక్క పెట్టకండి, ఫోటో తీయకండి.

6. బంగారం

బడ్జెట్ రూపాయల్లో కాకుండా గ్రాముల్లో పెట్టుకోండి. ఫలానా ఇన్ని గ్రాములు అని ఇంట్లోనే తేల్చుకుని షాపుకు వెళ్ళండి. తరుగు, మజూరీ దగ్గర గట్టిగా బేరం ఆడొచ్చు, జీఎస్టీ మూడు శాతం దగ్గర ఆడలేరు. 22 క్యారెట్ అంటే 916. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగ మీద హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిపి ఆరింటితో ఉండే గుర్తింపు సంఖ్య, ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అమ్మమ్మ కాసులపేరు, నానమ్మ వడ్డాణం ఉంటే పాలిష్ పెట్టించి అవే పెట్టండి. వడ్డాణం కొత్తది చేయిస్తే ముహూర్తం రోజు పెట్టుకుని లాకర్‌లో పెట్టేయడమే. తరుగు డబ్బు దండగ.

7. పిల్లల దగ్గర

సునియా లూథర్ అని ఢిల్లీలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఒకావిడ ఉండేవారు. 1990ల చివర్లో అమెరికాలో డబ్బున్న శివారు కాలనీల హైస్కూలు పిల్లలను, నగరం నడిబొడ్డున పేద బస్తీల పిల్లలను పోల్చి చూశారు. ఆందోళన, మత్తుపదార్థాల వాడకం డబ్బున్న ఇళ్ళ పిల్లల్లోనే ఎక్కువ కనిపించింది. అన్నిటా ముందుండాలన్న ఒత్తిడి, అమ్మానాన్నలు ఇంట్లో ఉన్నా దగ్గరగా లేకపోవడం అందుకు కారణాల్లో ఉన్నాయని ఆవిడ చెప్పారు. మన కాలనీలు ఆ కాలనీల్లాగే తయారవుతున్నాయి. అక్కడ పెద్ద యూనివర్సిటీ సీటు, ఇక్కడ జేఈఈ ర్యాంకు.

సంక్రాంతికి తాతగారింట్లో పిల్లలంతా చేరినప్పుడు గుమ్మం దగ్గర విప్పిన బూట్లు చూడండి. హైదరాబాద్ పిల్లాడు బ్రాండు చూసి పక్కవాడి రేటు చెప్పేస్తాడు. వాడికి ఎవరు నేర్పారు? కారులో వస్తూ మనం మాట్లాడుకున్న మాటలే నేర్పాయి. కాబట్టి మొదలు అక్కడే పెట్టండి. కారులో ఒకరి ఇంటి గురించి, కారు గురించి, కోడలి నగల గురించి మాట్లాడటం మానేయండి. ఇది చెప్పినంత తేలిక కాదు, ఏం మాట్లాడుకోవాలో తెలియక తణుకు నుంచి పాలకొల్లు దాకా పాటలే వినాల్సి వస్తుంది.

ర్యాంకు వస్తే ఇంట్లో పాయసం చేసుకోండి, సెంటర్‌లో ఫ్లెక్సీ వేయకండి. వచ్చే ఏడు తమ్ముడికి రాకపోతే ఆ ఫ్లెక్సీయే వాణ్ణి రోజూ చూస్తుంది. హాస్టల్‌లో ఉన్న పిల్లకు ఫోన్ చేసినప్పుడు వీక్లీ టెస్ట్ మార్కులు మొదటి ప్రశ్న కాకూడదు. పదో తరగతి దాటిన పిల్లలకు ఇంటి లెక్క చూపించండి. పెళ్ళి బడ్జెట్‌లో ఒక పద్దు, టిఫిన్లో పూలో, వాళ్ళకే అప్పగించి మిగిలింది వాళ్ళనే ఉంచుకోమనండి. పూలవాడితో మా మేనకోడలు ఆడిన బేరం చూసి వాళ్ళ నాన్నే నోరు తెరిచాడు.

8. అడిగేవాళ్ళకు జవాబులు

కొన్ని ప్రశ్నలు తప్పవు. జవాబులు ముందే నోటికి వచ్చి ఉంటే తడబడరు.

"మొత్తం ఎంతయ్యిందన్నయ్యా?" "అనుకున్నంతలోనే అయ్యిందమ్మా."

"అబ్బాయి ప్యాకేజీ ఎంత?" "వాడికి సరిపోతుందంట పిన్నీ. మీ మోకాలి నొప్పి తగ్గిందా?"

"ఏమిటి, డ్రోన్ పెట్టించలేదా?" "లేదు బావా, అందరూ కిందే ఉన్నారుగా."

"ఒక్కగానొక్క కూతురు, ఇంత సింపుల్‌గానా?" దీనికి మాత్రం నవ్వి ఊరుకోవద్దు, ఎందుకంటే పక్కన అమ్మాయి వింటుంటుంది. "ఒక్కగానొక్క కూతురు కాబట్టే పొలం దానికి ఉంచాను వదినా" అనండి, నిజమైతే. వివరణ ఒక్క వాక్యం దాటితే అవతలివాళ్ళు దాన్ని ఇబ్బంది కిందే లెక్కేస్తారు.

9. కార్యం అయిపోయాక

పదహారు రోజుల పండగ లోపే బిల్లులన్నీ తేల్చేయండి. వడ్డించిన కుర్రాళ్ళకు, గిన్నెలు తోమినవాళ్ళకు మేస్త్రీ ద్వారా కాకుండా చేతికే ఇవ్వండి. కానుకల జాబితాలు రెండూ పూర్తి చేసి, అమ్మాయీ అబ్బాయీ సంతకాలు పెట్టించి, చెరో కాపీ ఇచ్చి, అసలు లాకర్‌లో పెట్టండి. పెళ్ళి రిజిస్ట్రేషన్ 2002 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో తప్పనిసరి. వీసాకి ఎలాగూ అడుగుతారు కాబట్టి పిల్లలు ఊరు దాటకముందే చేయించండి. దానికి పెళ్ళికార్డు, ఫోటో, వయసు, చిరునామా రుజువులు, సాక్షులు కావాలి. వీడియో ఎడిటింగ్‌వాడు ఇంకో ఇరవై వేలకు "సినిమాటిక్ వెర్షన్" ఇస్తానంటాడు, వద్దని చెప్పి మామూలు ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. దాచిన లక్షా ముప్ఫై వేలల్లో ఏమైనా మిగిలితే ఆ వారంలోనే అమ్మాయి పేరున డిపాజిట్ వేయండి. ఇంట్లో ఉంచారా, ఎవరో ఒకరు సోఫా మార్చుదామంటారు.